ఫుల్ చేతుల తెల్లకోటు

జూన్ 3

ఈ పుస్తకం నేను కొట్లో కొలతలు రాసుకోవడానికి అచ్చు వేయించుకున్నది. ప్రతి పేజీకి ఎడమ పక్క ఛాతీ, నడుము, భుజం, చేతి పొడవు అని వరుసగా ఉంటాయి. ఇప్పుడు కొట్టు ఒంటిపూటే తెరుస్తున్నాను కనుక సగం పుస్తకం ఖాళీగా మిగిలిపోయింది. ఇవాళ ఇందులో కొలతలకు బదులు మాటలు రాస్తున్నానంటే కారణం ఒకటే, చెప్పుకోవడానికి మనుషులు అయిపోయారు. పక్క కొట్టు మంగలికి రెండుసార్లు చెప్పాను. మూడోసారి మొదలుపెడితే, "మామా, గడ్డం గీసేదాకా నవ్వకు, తెగితే నా పూచీ లేదు" అన్నాడు.

మా అమ్మాయికి పశువుల డాక్టరు చదువులో సీటొచ్చింది. ఒక కాలేజీలో కాదు, రెండింట్లో.

నాకిప్పుడు అరవై ఎనిమిది. అది పుట్టేనాటికి యాభై. ఎత్తుకుని బజారుకు వెళ్తే, "మనవరాలా అండీ?" అని అడిగేవాళ్లు. "కాదండీ, డెలివరీ కొంచెం లేటైంది" అనేవాణ్ణి. దర్జీ నోటి నుంచి ఆ మాట వింటే ఎవరైనా నమ్ముతారు. నాలుగేళ్ల వయసులో నా కొట్లో గుడ్డపీలికలు ఏరుకుని వీధి పిల్లికి నాలుగు కాళ్లకూ కట్లు కట్టింది. దానికి దెబ్బ తగిలింది ఒక్క కాలికే. మిగతా మూడూ ముందుజాగ్రత్తకట. ఆ రోజే నాకు తెలుసు. మా ఆవిడ మాత్రం, "ఆ రోజు మీరు పీలికలు పోయాయని దాన్ని తిట్టారు" అంటోంది. ఆడవాళ్లకు కొన్ని సంగతులు సరిగ్గా గుర్తుండవు.

పెద్ద కాలేజీ మా ఊళ్లోనే. మార్కెట్ దగ్గర బస్సెక్కితే తొమ్మిదో స్టాపు. చిన్న కాలేజీ రైల్లో ఎనిమిది గంటలు. ఏ కాలేజీయో ఇరవయ్యో తేదీ లోపల తేల్చి చెప్పాలట. నా వరకు రెండూ ఒకటే, దాని ఇష్టం. పెద్ద కాలేజీకి మాత్రం మెట్లు పాలరాయివి.

జూన్ 4

కోటు మొదలుపెట్టాను. మంచి గుడ్డ, నలగదు, ఉతికితే కుదించుకుపోదు. లోపల లైనింగ్, పైన నిలబడే కాలరు, ఫుల్ చేతులు, మణికట్టు దగ్గర మూడేసి గుండీలు. కాజాలన్నీ చేత్తోనే. మిషన్ మీద కాజా కుట్టడం నాకు నచ్చదు.

"ఏ కాలేజీయో తేలకుండా కోటేమిటండీ?" అంది మా ఆవిడ.

"ఏ కాలేజీకైనా కోటు తెల్లగానే ఉంటుంది కదే."

"ఆలోచన మాత్రం తెల్లగా లేదు" అని లోపలికి వెళ్లింది.

జూన్ 5

అమ్మాయిని తీసుకుని పెద్ద కాలేజీ చూసి వచ్చాను. ఏం భవనం. లోపలికి అడుగుపెట్టగానే అద్దాల గదిలో గుర్రం ఎముకలగూడు, ఇప్పుడే పరుగెత్తబోతున్నట్టు. పక్కన 'తాకరాదు' అని పలక. క్లాసుగది సినిమా హాలంత ఉంది. కుర్చీలు ఎంత మెత్తగా ఉన్నాయంటే నేను కాసేపు కూర్చుని చూశాను, అమ్మాయి వచ్చి లేపింది.

మాకు అన్నీ చూపించిన గుమాస్తాను అమ్మాయి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "మొదటి ఏడాది వాళ్లకు జంతువులు ఎక్కడుంటాయండీ?"

"తెర మీద ఉంటాయమ్మా. చాలా స్పష్టంగా కనిపిస్తాయి. ఆస్పత్రిలోకి నాలుగో ఏడాది పంపుతాం. ముందు పునాది గట్టిపడాలి కదా."

ఎంత చక్కటి మాట. పునాది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మాయి ఒక్క మాటా మాట్లాడలేదు. సంతోషం ఎక్కువైతే దానికి నోట మాట రాదు, వాళ్లమ్మ పోలిక. వాళ్లమ్మకు నోట మాట రాని రోజు నేనింతవరకు చూడలేదు, అది వేరే సంగతి. స్టాపులు సరిగ్గా తొమ్మిదే.

జూన్ 7

కోటు జేబు మీద పెద్ద కాలేజీ ముద్ర కుట్టేశాను. గుండ్రంగా గీత, మధ్యలో గుర్రం తల. గోధుమరంగు దారంతో, అంతా చేత్తో, పొద్దుటి నుంచి మధ్యాహ్నం భోజనం దాకా. మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మరీ చూసి, "కుందేలు బాగా కుదిరింది" అంది.

అమ్మాయి చాలాసేపు చూసింది. ముద్ర మీద వేలు పెట్టి రాసింది. "చాలా బాగుంది నాన్నా. ఇంత పని చేశావు" అంది. తర్వాత ఆరిన బట్టలు తెస్తానని బాల్కనీలోకి వెళ్లింది. అవి నేను ఉదయమే తీసేశాను. ఉత్త చేతులతో వచ్చింది. సంతోషమే.

కోటును కొట్లో అద్దం వెనక తగిలించాను. వీధిలో వెళ్లే నలుగురూ చూడాలి కదా.

జూన్ 8

దూరం సంగతి నేను ఇంట్లో ఎత్తలేదు.

జూన్ 10

ఇవాళ భోజనాల దగ్గర అమ్మాయి అడిగింది, "నాన్నా, నువ్వు మొట్టమొదట టేపు పట్టుకుని మనిషిని కొలిచింది ఎప్పుడు?"

ఇట్లాంటి ప్రశ్న అడిగితే నేను ఆగుతానా. అంతా చెప్పాను. పదిహేనేళ్లవాణ్ణి. పనిలో చేరిన మొదటి రోజే మా గురువు నా మెడలో టేపు వేసి, లావుపాటి పోస్టుమాస్టరు గారి ముందు నిలబెట్టాడు. నేను టేపు చుట్టాను, ఆయన పొట్ట లోపలికి పీల్చుకున్నాడు. నేను అదే రాసుకున్నాను. ప్యాంటు తయారైంది. ఆయన వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. గుండీ ఎగిరి గోడకు తగిలింది. గురువు నన్ను తిట్టలేదు. "కొలతకు ముందు నాలుగు కబుర్లు చెప్పాలిరా. అవతలివాడు నవ్వితే ఊపిరి వదులుతాడు. అప్పుడు చుట్టు టేపు. నీకివాళ తెలిసింది" అన్నాడు. యాభైమూడేళ్లుగా అదే చేస్తున్నాను. నా దగ్గర కొలతలు ఇచ్చినవాళ్లందరూ నన్ను వసపిట్ట అంటారు. అది కబుర్లు కాదు, పని అని వాళ్లకు తెలియదు.

"మీ గురువుగారు మూడేళ్లపాటు కాగితం మీద బొమ్మల్నే కొలవమని ఉంటే?" అంది అమ్మాయి.

"ఉంటే ఏముంది, కాగితాల దర్జీనయ్యేవాణ్ణి" అని గట్టిగా నవ్వాను.

అమ్మాయి నవ్వలేదు. మా ఆవిడ చేతిలోంచి గిన్నె మూత జారి పడింది.

జూన్ 11

మా ఆవిడ పొద్దుటి నుంచి నన్ను "కాగితాల దర్జీగారూ" అని పిలుస్తోంది. కారణం అడిగితే, "అదీ నేనే చెప్పాలా" అంటోంది.

జూన్ 13

మా వీధి చివర పశువుల డాక్టరమ్మ ఉంది కదా, అమ్మాయి రెండేళ్లుగా ఆదివారాలు వెళ్లి బోనులు కడిగి పిల్లుల్ని పట్టుకునేది ఆవిడ దగ్గరే. ఆవిడా పెద్ద కాలేజీలో చదువుకున్నదే. కోటు చూపిద్దామని వెళ్లాను. ఆవిడ కోటును అటూ ఇటూ తిప్పి చూసి, "బాబాయ్‌గారూ, దీన్ని వేసుకుంటే పిల్లి దగ్గరికి కూడా వెళ్లబుద్ధి కాదు, అంత బాగుంది" అంది. పొగిడిందనుకున్నాను. అంతలో తన చెయ్యి మోచేతికి పైన చూపించి, "మా కోట్లకు చేతులు ఇక్కడితో ఆగిపోవాలి. ఆవు ఈనడం కష్టమైతే చెయ్యి భుజం దాకా లోపలికి వెళ్తుంది. మీ మూడు గుండీలు ఎక్కడ పెట్టుకోను?" అంది.

గుండీల సంగతికి నాకు కాస్త కష్టమేసింది. మాట మార్చడానికి, కాలేజీ ఎట్లా ఉంటుందమ్మా అని అడిగాను.

"కాలేజీ మంచిదే. నాకు మార్కులు బాగా వచ్చాయి. నాలుగో ఏడాది ఆస్పత్రి అన్నారు, వందమందిమి ఒక గేదె చుట్టూ నిలబడ్డాం. నాకు గేదె కనబడలేదు, ముందున్నవాడి వీపు కనబడింది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు ఒక రైతు ఆవు తాడు నా చేతిలో పెట్టాడు. దానికున్న ఎముకలన్నీ వరసగా చెప్పగలను కానీ, దానికి ఏ పక్క నిలబడాలో తెలియలేదు. 'అమ్మా, ఇటు రండి, అటుంటే తన్నుద్ది' అన్నాడు రైతు. పశువు దగ్గర నాకు మొదటి మేష్టారు ఆయనే." ఆవిడ నవ్వుతూనే చెప్పింది. "నేర్చుకున్నాననుకోండి. కానీ భయపడుతూ నేర్చుకున్నాను. ఇంతకీ అమ్మాయి ఏమంటోంది?"

"పెద్ద కాలేజీయే అంటోంది" అన్నాను.

కొట్టుకు వచ్చాక, ఏ రోజు అందో చూద్దామని ఈ పుస్తకం వెనక్కి తిప్పాను. ఎక్కడా రాసి లేదు. రాయడం మరిచిపోయి ఉంటాను.

జూన్ 14

మా ఆవిడ టిక్కెట్లు తెప్పించింది. "కాదనడానికైనా ఆ రెండోదాన్ని ఒకసారి చూడాలి కదండీ. చూడకుండా గుడ్డ బాగాలేదన్నవాణ్ణి మీరు కొట్లో కూర్చోనిస్తారా?" అంది. నన్ను నా మాటలతోనే కొడుతోంది ఈ మనిషి.

సరే, రేపు పొద్దున్నే నేనూ అమ్మాయీ బయలుదేరుతాం. నేనేమీ అడ్డం చెప్పలేదు. దూరం సంగతి కూడా ఎత్తలేదు.

జూన్ 15

ఇరవై ఆరు స్టేషన్లు. లెక్కపెట్టాలని పెట్టలేదు.

జూన్ 16

లాడ్జి గదిలో కూర్చుని రాస్తున్నాను. బూట్లు కిటికీలో ఆరుతున్నాయి. ఎందుకు తడిశాయో చెప్తాను.

చిన్న కాలేజీకి పాలరాయి లేదు. రేకుల షెడ్లు, పేడ వాసన, లైబ్రరీ అంటే మూడు బీరువాలు. మమ్మల్ని చూడ్డానికి వచ్చిన మేష్టారు మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేసుకుని ఉన్నాడు. ఆయన చెయ్యి తడిగా ఉందని షేక్‌హ్యాండు ఇవ్వకుండా మోచెయ్యి ఇచ్చాడు. నేను మోచెయ్యి పట్టుకుని ఊపాను.

"హాస్టలు కప్పు కారుతుంది, ముందే చెప్తున్నాను" అన్నాడాయన. "పుస్తకాలు ఇక్కడా చదవాలి, తప్పదు. కానీ చేరిన మొదటి వారమే ఒక్కొక్కరికి ఒక్కో పశువును అప్పగిస్తాం. మేత, కడగడం, జ్వరం చూడడం, బరువు చూడడం అన్నీ వాళ్లే. వారానికి రెండు పూటలు ఆస్పత్రి. మొదట్లో నేల తుడుస్తారు, పట్టుకుంటారు, చూస్తారు. పాఠం తర్వాత వస్తుంది. వచ్చేసరికి ఆ పాఠం దేని గురించో తెలిసి ఉంటుంది."

నేను తల ఊపాను. పునాది అని ఆయన ఒక్కసారీ అనలేదు.

షెడ్లో ఒక ఎర్ర పెయ్య. దానికి కడుపులో పురుగులు పోయే మందు పట్టాలి. ఎంత పట్టాలో తేలాలంటే బరువు తెలియాలి. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టూ టేపు పెట్టి కొలిచి, గోడ మీద పట్టీలో చూస్తే బరువు తెలుస్తుందట. ఆ మాట వినగానే నాకు ఒళ్లు జల్లుమంది. పశువుల డాక్టరు ఛాతీ కొలత తీస్తాడని నాకెవరూ చెప్పలేదు. అరవై ఎనిమిదేళ్లు వచ్చాయి, ఒక్కరూ చెప్పలేదు.

ఇంతలో చూస్తే టేపు లేదు. దాంట్లో సగం పెయ్య నోట్లో ఉంది.

"అయ్యా, నా దగ్గరుంది" అన్నాను. నా జేబులో టేపు ఎప్పుడూ ఉంటుంది. మొదటి ఏడాది పిల్లలు ముగ్గురు వరసగా కొలిచారు. మూడు కొలతలు మూడు రకాలుగా వచ్చాయి. పెయ్య కదులుతోంది, బిగదీసుకుంటోంది. చూస్తూ నిలబడడం నా వల్ల కాలేదు, నోరు తెరవబోయాను. మేష్టారు అప్పుడే అమ్మాయి వైపు తిరిగి, "నువ్వు చూస్తావా అమ్మా?" అన్నాడు.

అది నా చేతిలోంచి టేపు తీసుకుంది. పెయ్య భుజం పక్కన నిలబడింది, ఎదురుగా కాదు, వెనకా కాదు. టేపు వెంటనే చుట్టలేదు. దాని మెడ కింద గోకుతూ కబుర్లు మొదలుపెట్టింది. "ఏమ్మా, టేపు రుచిగా ఉందా, మా నాన్నది కూడా తింటావా, యాభైమూడేళ్ల నాటిది, పంటికింద గట్టిగా తగులుతుంది..." అచ్చం నేను కొట్లో మాట్లాడినట్టే. ఆగే చోట్లు అవే, సాగదీతలు అవే. నేనట్లా మాట్లాడతానని అప్పుడే తెలిసింది నాకు. పెయ్య చెవులు దించింది. పెద్దగా ఊపిరి వదిలింది. అప్పుడు చుట్టింది టేపు.

నూట ముప్పైఎనిమిది సెంటీమీటర్లు. సరిచూడ్డానికి కాటా మీదికి ఎక్కిస్తే, పట్టీలోని బరువుకూ దానికీ నాలుగు కిలోలు తేడా.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఇది?" అన్నాడు మేష్టారు.

"మా నాన్న కొట్లో" అంది.

నేను ఇంకేదో చూస్తున్నట్టు పక్కకు జరిగాను. పెయ్య నా బూట్ల మీద మూత్రం పోసింది. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది మా అమ్మాయి. చొక్కా చేతులు మడిచి, మోచేతి దాకా పేడతో, ఆ నవ్వు. పెద్ద కాలేజీ చూసిన రోజు అది సంతోషంగా ఉందని రాశాను కదా. అది ఇది కాదు.

జూన్ 17

రైల్లో రాస్తున్నాను. అక్షరాలు వంకర.

పదో స్టేషను దాటాక అమ్మాయి, "నాన్నా, నేను పెద్ద కాలేజీలోనే చేరతాను" అంది.

"ఎందుకే?"

"కోటు అయిపోయింది కదా."

కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నేనూ అదే కిటికీలోంచి చూశాను.

కోటు అయిపోయింది కదా, అంది.

జూన్ 18

పొద్దున్నే కొట్టు తీసి, షట్టరు సగం దించి కూర్చున్నాను.

ముందు ఈ పుస్తకం చదివాను. దూరం సంగతి ఎత్తలేదు అని రెండు చోట్ల ఉంది. స్టాపులు రెండు చోట్ల, స్టేషన్లు రెండు చోట్ల. ఏ కాలేజీ అని అమ్మాయి అందో రాసింది మాత్రం నిన్న ఒక్క రోజే. అదీ నా కోసం అన్న మాట.

తర్వాత కోటు దించాను. గుర్రాన్ని కుట్టడానికి ఒక పూట పట్టింది, విప్పడానికి ఇంకాస్త ఎక్కువే పట్టింది. గుడ్డ చిరగకుండా ఒక్కొక్క కుట్టే తెంపాలి. సూది గుచ్చిన చుక్కలు మిగిలితే తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేశాను. లైనింగ్ విప్పేశాను, పేడ పట్టుకుంటే వదలదు. చివరికి చేతులు. సుద్దతో మోచేతికి పైన గీత గీసి కత్తెర పెట్టాను. కత్తెర కదల్లేదు. మంచి గుడ్డ, మంచి కాజాలు, ఆరు. కాసేపు నాలో నేనే కబుర్లు చెప్పుకున్నాను, కొలతకు ముందు అందరికీ చెప్పినట్టు. ఊపిరి వదిలాక కత్తిరించాను.

మధ్యాహ్నం ఇంటికి తీసుకెళ్లి అమ్మాయి చేతికిచ్చాను. విప్పి చూసుకుంది.

"చేతులేవి నాన్నా?"

"ఆవు దగ్గరికి అన్ని చేతులెందుకు?"

"గుర్రం?"

"పారిపోయింది."

అప్పుడర్థమైంది దానికి. కోటు వేసుకోకుండా గుండెకు పట్టుకుని నిలబడింది.

"ఎనిమిది గంటల దూరం అమ్మా" అన్నాను. "ఇన్నాళ్లూ ఆ మాట నేను ఎత్తలేదు."

"రోజూ ఎత్తావు నాన్నా. తొమ్మిదే స్టాపులు, తొమ్మిదే స్టాపులు అని నిద్రలో కూడా అన్నావు."

"అన్నారు" అంది మా ఆవిడ. "నేనే సాక్ష్యం. మూడు రాత్రులు కండక్టరు పక్కన పడుకున్నట్టుంది నాకు."

ముగ్గురం నవ్వాం. ఎవరు ముందు ఆపారో గుర్తులేదు. మా ఆవిడ ముక్కు తుడుచుకుంటూ లోపలికి వెళ్లింది.

జూన్ 19

చిన్న కాలేజీలో చేరుతున్నట్టు రాసి పంపించేసింది. మంగలికి చెప్పాను. "ఈసారి ఎన్నిసార్లు చెప్తావు మామా?" అన్నాడు. ఎన్నిసార్లని లెక్క పెట్టుకోలేదన్నాను.

ఆగస్టు 3

దింపి వచ్చాను. హాస్టలు కప్పు కారుతోంది. మేష్టారు మోచెయ్యి ఇచ్చాడు. ఇరవై ఆరు స్టేషన్లు. తిరిగి వచ్చేటప్పుడూ అన్నే ఉన్నాయి.

ఆగస్టు 9

పొద్దున్నే ఫోను. "నాన్నా, నీ గుండీ పోయింది" అంది అమ్మాయి.

ఆస్పత్రికి వచ్చిన కుక్కపిల్లను పట్టుకుని ఉండమన్నారట. అది కోటు మీద నాలుగో గుండీని లాగి మింగేసిందట. భయమేమీ లేదని, చిన్నదీ నున్నటిదీ కనుక దానంతటదే వచ్చేస్తుందని మేష్టారు చెప్పారట. వచ్చేదాకా కుక్కపిల్లను అక్కడే ఉంచారు. ఎవరి గుండీ అయితే వాళ్లదే బాధ్యత అని, పూటపూటకీ అది విడిచినదంతా కర్రపుల్లతో వెతికే పని మా అమ్మాయికి అప్పగించారట.

చేరి వారం కాలేదు, అప్పుడే కేసు. ఆ కేసుకు కారణం నా గుండీ.

ఒక్క సంగతి. యాభైమూడేళ్లలో నేను కుట్టిన గుండీ ఊడింది లేదు. ఆ కుక్కపిల్ల చాలా బలమైనదై ఉండాలి. ఆరోగ్యానికి లోటు లేదని దాన్నిబట్టే తెలుస్తోంది. ఆ మాట మేష్టారికి చెప్పమన్నాను.

ఆగస్టు 10

రాలేదు. మా ఆవిడ ఉదయం నుంచి మూడుసార్లు ఫోను చేసింది. పిల్ల తిన్నదా అని కాదు, కుక్కపిల్ల దొడ్డికి వెళ్లిందా అని.

ఆగస్టు 11

వచ్చింది.

కడిగి, వేణ్నీళ్లలో మరిగించి దాచుకుందట. కొత్తది పంపిస్తానంటే వద్దంది. అదే కుట్టుకుందట, తన చేత్తోనే. నాలుగు చిల్లుల్లోంచీ అడ్డంగా రెండు, నిలువుగా రెండు, గుండీ కింద మెడలా దారం చుట్టి బిగించి, నేను కుట్టినట్టే. మేష్టారు ఆ కుట్టు చూసి, వచ్చే వారం కుక్కలకు గాయాలు కుట్టేటప్పుడు పక్కన నిలబడి చూడమన్నాడట.

మంగలి కుర్చీలో కూర్చుని మొత్తం మొదటి నుంచి చెప్పాను. కత్తి పక్కన పెట్టి, చేతులు కట్టుకుని విన్నాడు. "మామా, నవ్వడం అయ్యాక చెప్పు, అప్పుడు మిగతా సగం గీస్తాను" అన్నాడు.

సగం గడ్డంతో ఇంటికొచ్చాను.